అవతల ఫోనెత్తేదెవరు?

హైదరాబాద్‌కు తూర్పున, ఈసీఐఎల్ చౌరస్తా పక్కన అణు ఇంధన సముదాయం ఉంది. అందరూ ఎన్‌ఎఫ్‌సీ అనే పిలుస్తారు. నగరానికి పడమట పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం వరుసలో రసాయనాల కంపెనీలు, మందుల కంపెనీలు. వాటిని దాటి సంగారెడ్డి మీదుగా నాందేడ్ వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే జోగిపేట వస్తుంది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగిన ఊరు అది. ఇవాళ ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళకు పటాన్‌చెరు వైపు కంపెనీల జీతమే ఆధారం.

నగరానికి అటూ ఇటూ ఉన్న ఈ రెండు రకాల ఫ్యాక్టరీలకూ దశాబ్దాలపాటు వర్తించింది ఒకే చట్టం, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. తనిఖీకి వచ్చే అధికారి మాత్రం వేరు. పాశమైలారం కంపెనీకి రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఎన్‌ఎఫ్‌సీ కేంద్ర అణుశక్తి శాఖ కిందిది కాబట్టి అక్కడ ఆ చట్టాన్ని అమలు చేస్తూ వచ్చింది ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి. మామూలు రోజుల్లో ఇది ఫైళ్ళకు సంబంధించిన సంగతే. ప్రమాదం జరిగిన నిమిషంలో అలా కాదు. ఫోను ఎవరికి పోవాలి, ఎన్ని నిమిషాల్లో పోవాలి, మామూలు లైను పనిచేయకపోతే ఇంకేముంది, అవతల ఎత్తేదెవరు, ఎత్తినవాళ్ళకు చెప్పింది అర్థమవుతుందా అన్న ప్రశ్నలన్నీ ఒక్కసారిగా ముందుకొస్తాయి.

ఈ ప్రశ్నలకు అణు రంగం మొదటినుంచీ సిద్ధంగా ఉందనుకుంటే పొరపాటు. ఒక్కో జవాబు వెనకా ఒక్కో ప్రమాదం ఉంది.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం. 1979 మార్చి 28 తెల్లవారుజామున నాలుగింటికి రెండో రియాక్టరులో గడబిడ మొదలైంది. ఏడు కావస్తుండగా అత్యవసర పరిస్థితి ప్రకటించారు. నిబంధన ప్రకారం అణు నియంత్రణ సంస్థ ప్రాంతీయ కార్యాలయానికి ఫోను చేశారు. అటునుంచి పలికింది అధికారి కాదు. ఆఫీసు వేళలు కాని సమయంలో ఫోన్లు అందుకుని కబురు చేరవేసే ఒక ప్రైవేటు సర్వీసు. వాళ్ళు డ్యూటీ అధికారి ఇంటికి ఫోను చేశారు. ఆయన అప్పటికే ఆఫీసుకు బయల్దేరారు. పై అధికారి ఇంటికి చేశారు. ఆయనా దారిలోనే ఉన్నారు. అది సెల్‌ఫోన్లు లేని కాలం. ఉదయం 7:45కు ఆఫీసు తలుపులు తెరిచాకగానీ నియంత్రణ సంస్థకు విషయం తెలియలేదు. అప్పటికి రియాక్టరు లోపల ఇంధనం కరిగిపోవడం మొదలై చాలాసేపైంది.

ఫోను లైను బాగానే ఉంది. నంబరు సరైనదే. అవతల మనిషే లేడు.

రెండు రోజుల తర్వాత జరిగింది ఇంకా ఘోరం. మార్చి 30 ఉదయం ప్లాంటు చిమ్నీకి పైన, హెలికాప్టరు నుంచి రేడియేషన్ కొలిస్తే గంటకు 1,200 మిల్లీరెమ్‌లు తేలింది. చిమ్నీ మూతి దగ్గర ఆ అంకె రావడం పెద్ద ఆశ్చర్యమేమీ కాదు. సరిగ్గా అదే సమయంలో రాజధాని దగ్గరి నియంత్రణ సంస్థ కేంద్ర కార్యాలయంలో ఒక అధికారి కాగితం మీద లెక్క వేస్తున్నారు. ఫలానా ట్యాంకు నుంచి వాయువు బయటికొస్తే నేల మీద ఎంత రేడియేషన్ ఉంటుందన్నది ఆ లెక్క. ఆయనకూ 1,200 అనే అంకే వచ్చింది. అది నోటితో చెప్పిన క్షణాల్లోనే హెలికాప్టరు అంకె ఫోన్లో వచ్చి చేరింది. రెండూ ఒకటే కావడంతో అక్కడున్నవాళ్ళ గుండెలు జారిపోయాయి. ఊళ్ళ మీద, జనం నిలబడిన చోటే 1,200 ఉందనుకున్నారు. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించమని రాష్ట్రానికి సిఫారసు వెళ్ళిపోయింది. ఎక్కడ కొలిచారు, నేల మీదా ఆకాశంలోనా అని ఒక్కరు తిరిగి అడిగి ఉంటే ఆగిపోయే కంగారు అది. కొన్ని గంటలు ఇటూ అటూ నలిగాక గవర్నరు థార్న్‌బర్గ్ ఐదు మైళ్ళ లోపు గర్భిణులనూ, బడికి పోని వయసు పిల్లలనూ వెళ్ళిపొమ్మని సలహా ఇచ్చారు. ఆయన చెప్పింది కొద్దిమందికి. భయంతో ఇళ్ళు వదిలినవాళ్ళు లక్ష మందికి పైనే.

జనం, విలేకరులు, అధికారులు అందరూ ఒకేసారి ఫోన్లు తిప్పడంతో ఆ ప్రాంతంలో లైన్లు కిక్కిరిసిపోయాయి. చివరికి అధ్యక్షుడు కార్టర్ జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. హారల్డ్ డెంటన్ అనే సీనియర్ అధికారిని తన ప్రతినిధిగా ప్లాంటుకు పంపి, వైట్‌హౌస్, ప్లాంటు, గవర్నరు కార్యాలయం, నియంత్రణ సంస్థ మాట్లాడుకోవడానికి విడిగా లైన్లు వేయించారు. దేశమంతా నమ్మగలిగిన సమాచారం ఆయన ద్వారానే రావడం మొదలైంది. అణు చరిత్ర రాసేవాళ్ళు రియాక్టరులోని సాంకేతిక లోపం గురించి పేజీలకు పేజీలు రాస్తారు. ఈ ఫోన్ల కథకూ అంత చోటు ఇవ్వాలి.

ఆ దెబ్బతో అమెరికా పద్ధతి మార్చుకుంది. ప్రతి అణు కేంద్రానికీ నియంత్రణ సంస్థకూ మధ్య ప్రత్యేక టెలిఫోన్ వ్యవస్థ వచ్చింది. అవతల ఇరవై నాలుగు గంటలూ ఇంజినీర్లు కూర్చునే గది ఏర్పడింది. అత్యవసర స్థితి ప్రకటించిన 15 నిమిషాల్లో రాష్ట్ర, స్థానిక అధికారులకు చెప్పాలి. ఆ వెంటనే, ఎట్టి పరిస్థితిలోనూ గంట దాటకుండా నియంత్రణ సంస్థకు చెప్పాలి. 1990లలో ఇంకో మెట్టు ఎక్కారు. మనిషి నోటి మాట మీదే ఆధారపడకుండా, రియాక్టరు ఉష్ణోగ్రత, పీడనం, రేడియేషన్ లాంటి అంకెలు ప్లాంటు కంప్యూటరు నుంచి నేరుగా నియంత్రణ సంస్థ తెరమీదకు వచ్చే ఏర్పాటు చేశారు. ఫోను చేసేవాడు ఆ సమయంలో వంద పనుల మధ్య ఉంటాడు. అంకెలు చదివి వినిపించే పని అతనికి తప్పితే అంత మేలు.

మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరు 15న ఏర్పడింది. ఏడాది తిరిగేసరికి భోపాల్ విషవాయు దుర్ఘటన జరిగింది. అణు ప్రమాదం కాకపోయినా, దేశంలో ప్రమాదకర పరిశ్రమల చట్టాలన్నీ మారిపోవడానికి అదే కారణం. అణుశక్తి శాఖలో సంక్షోభ నిర్వహణ బృందం 1987లో ఏర్పాటైంది. ముంబైలో రాత్రింబవళ్ళు నడిచే అత్యవసర కంట్రోల్ రూము దీనిదే. దేశంలో ఎక్కడ రేడియేషన్ ప్రమాదం జరిగినా నోడల్ సంస్థ అణుశక్తి శాఖే. ఏ కేంద్రంలో తేడా వచ్చినా అక్కడి కబురు ఒకవైపు ఈ కంట్రోల్ రూముకు, మరోవైపు నియంత్రణ మండలికి, ఇంకోవైపు జిల్లా కలెక్టరుకు వెళ్ళాలి. ల్యాండ్‌లైన్ పోతే మొబైల్, అదీ పోతే ఉపగ్రహ లింకు, వైర్‌లెస్ ఉండాలన్నది సూత్రం. అనుశక్తినగర్‌లోని నియామక్ భవన్‌లో నియంత్రణ మండలికి తనదైన అత్యవసర పర్యవేక్షణ కేంద్రం ఉంది. వీటికి తోడు భాభా అణు పరిశోధన కేంద్రం దేశమంతటా వందల చోట్ల పెట్టిన రేడియేషన్ కొలిచే పరికరాలు ఎవరి ఫోను కోసమూ చూడకుండా తమ అంకెలు ముంబైకి పంపుతూ ఉంటాయి.

అత్యవసర స్థితికి మూడు మెట్లున్నాయి. ప్లాంటు గోడల లోపలే సర్దుబాటయ్యేది మొదటిది. ఆవరణ మొత్తానికి పాకేది రెండోది. ఆవరణ దాటి ఊళ్ళ మీదకు వచ్చేది మూడోది. మూడో మెట్టులో ఊళ్ళను చూసుకునే బాధ్యత కలెక్టరు చేతికి వస్తుంది. అణు విద్యుత్ కేంద్రాల్లో మొదటి రకానికి మూడు నెలలకోసారి, రెండో రకానికి ఏటా, మూడో రకానికి రెండేళ్ళకోసారి డ్రిల్లు జరపాలి. వినడానికి ఏర్పాటు దివ్యంగా ఉంది. 2012లో కాగ్ నియంత్రణ మండలి మీద ఇచ్చిన నివేదిక మాత్రం, ఊళ్ళను కలుపుకుని చేసిన ఆ మూడో రకం డ్రిల్లుల్లోనే సన్నద్ధత సరిపోలేదని తేలినట్టు రాసింది. గోడ లోపల బాగా నడిచేది గోడ దాటగానే తడబడుతోందన్నమాట. గోడ లోపల అందరూ ఒకే శాఖ ఉద్యోగులు. బయట పోలీసు, రెవెన్యూ, ఆరోగ్యం, ఆర్టీసీ, పంచాయతీ, ఒక్కొక్కరిది ఒక్కో ఫోను పుస్తకం.

ఇక ఎన్‌ఎఫ్‌సీ సంగతి. 1971లో మొదలైన ఈ సంస్థలో అణు విద్యుత్ తయారు కాదు. జార్ఖండ్‌లోని జాదుగూడ, కడప జిల్లాలోని తుమ్మలపల్లె లాంటి చోట్ల నుంచి వచ్చే యురేనియం ముద్దను శుద్ధి చేసి, బిళ్ళలుగా కాల్చి, జిర్కోనియం గొట్టాల్లో పేర్చి రియాక్టర్లకు పంపుతారు. ఇక్కడ ఎక్కువగా వాడేది సహజ యురేనియం. అది ఆ రూపంలో దానంతటది గొలుసు చర్య మొదలెట్టేది కాదు. కాబట్టి చెర్నోబిల్ లాంటిది ఈసీఐఎల్ చౌరస్తా పక్కన జరుగుతుందేమోనని భయపడనక్కర్లేదు. ఇక్కడ జాగ్రత్త పడాల్సినవి ఆమ్లాలు, ద్రావకాలు, గాలి తగిలితే భగ్గుమనగల జిర్కోనియం పొడి లాంటివి. అంటే పాశమైలారం ప్రమాదాలకు దగ్గరి చుట్టాలే. పొరుగునే ఉన్న ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను 1967లో డాక్టర్ ఎ.ఎస్.రావు నడిపించడం మొదలుపెట్టారు. రియాక్టర్ల కంట్రోల్ రూముల్లోని పరికరాల్లో, రేడియేషన్ కొలిచే మీటర్లలో ఆ సంస్థ చెయ్యి చాలా ఉంది. దేశంలోని రియాక్టర్లకు ఇంధనమూ, వాటి మీద నిఘా పెట్టే పరికరాలూ ఒకే చౌరస్తా నుంచి వెళ్ళడం హైదరాబాదీలకు పెద్దగా తట్టని విశేషం.

తెలంగాణలో ఊళ్ళ మీదికి రాగల ప్రమాదం కోసం అణుశక్తి శాఖ ఎక్కువ సిద్ధపడే చోటు ఇంకొకటుంది. గోదావరి ఒడ్డున, మణుగూరు భారజల కర్మాగారం. 1991లో మొదలైంది. ఏటా 185 టన్నుల భారజలం తీసే సామర్థ్యంతో కట్టారు. ఇక్కడ భయం రేడియేషన్ వల్ల కాదు. భారజలం తీసే పద్ధతిలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు టన్నుల కొద్దీ వాడతారు. కొద్దిగా లీకైతే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారిపోయి వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన పోయింది, గండం గడిచిందని మనిషి అనుకునే సమయానికే అసలు గండం వచ్చిపడుతుంది. అందుకే అక్కడ మనిషి ముక్కును నమ్మరు. వాయువును పసిగట్టే పరికరాలు, సైరన్లు, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టాలు, జిల్లా యంత్రాంగంతో కలిసి డ్రిల్లులు, ఇవీ ఏర్పాట్లు. ఈ విషవాయువు ఫ్యాక్టరీని అజమాయిషీ చేసేది కూడా అణుశక్తి నియంత్రణ మండలే.

తీగలూ టవర్లూ ఎప్పుడూ నిలబడే ఉంటాయన్న భరోసా లేదని తెలియజెప్పినవి తుఫాన్లు. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ ఫ్లోరిడాలోని టర్కీ పాయింట్ అణు కేంద్రం మీదుగా పోయింది. ముందుగానే హెచ్చరిక ఉండటంతో రియాక్టర్లను ఆపేశారు. ఐదు రోజులకు పైగా బయటి కరెంటు రాలేదు, డీజిల్ జనరేటర్ల మీద నెట్టుకొచ్చారు. అంతకన్నా ఆలోచింపజేసేది ఇంకోటి. తుఫాను ఉధృతిలో నాలుగు గంటలపాటు ఆ కేంద్రానికి బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ లేదు. ఫోను లేదు, రేడియో లేదు. ప్రత్యామ్నాయంగా పెట్టుకున్నవన్నీ ఒకే గాలికి ఒకేసారి పోయాయి. ఒకటి పోతే రెండోది ఉందనుకునేవాళ్ళు, రెండూ ఒకే స్తంభానికి వేలాడుతున్నాయేమో చూసుకోవాలని అప్పుడు తెలిసింది.

మన వాళ్ళకిది హుద్‌హుద్ తుఫానులో అనుభవమే. 2014 అక్టోబరు 12న విశాఖపట్నంలో సెల్ టవర్లు ఒరిగి ఫోన్లు మూగబోయాయి. తుఫానును కనిపెట్టాల్సిన కైలాసగిరి రాడారే దెబ్బతింది. దూరాన ఉన్న పిల్లలు వైజాగ్‌లోని తల్లిదండ్రుల గొంతు కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. అదే తీరంలో, ఇంకా ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన ఉంది.

2011 మార్చి 11న భూకంపం వచ్చేనాటికి జపాన్‌లో ఏర్పాట్లు చాలానే ఉన్నాయి. ఫుకుషిమా దాయిచి కేంద్రం నుంచి రియాక్టరు సమాచారం నేరుగా ప్రభుత్వానికి చేరే వ్యవస్థ ఉంది. ఆ సమాచారాన్ని తీసుకుని రేడియేషన్ ఏ దిక్కుకు పోతుందో లెక్కగట్టే మరో వ్యవస్థ ఉంది. ప్లాంటుకు సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో, అందరూ చేరి నిర్ణయాలు తీసుకోవడానికి కట్టిన ప్రత్యేక భవనం ఉంది. భూకంపంతో కరెంటు పోయింది. రియాక్టరు సమాచారం రావడం ఆగింది. ప్రత్యేక భవనంలో ఫోన్లు చాలావరకు పనిచేయలేదు. రేడియేషన్‌ను వడగట్టే ఫిల్టర్లు కూడా లేకపోవడంతో మార్చి 15న దాన్నే ఖాళీ చేయాల్సి వచ్చింది. ప్లాంటు లోపల సిబ్బంది చేతిలోని చిన్న ఫోన్లు బ్యాటరీలు అయిపోయి మూగబోయాయి. కంట్రోల్ రూముకూ, అదే ఆవరణలోని అత్యవసర కార్యాలయానికీ మధ్య చివరికి మిగిలింది తీగతో కలిపిన పాతకాలం ఫోనే. అన్నిటికన్నా విడ్డూరం, ప్లాంటులోనే ఉండాల్సిన నియంత్రణ సంస్థ ఇన్‌స్పెక్టర్లు మొదటి రాత్రి గడవగానే ఆవరణ వదిలి ఆ దూరపు భవనానికి వెళ్ళిపోయారు. తమ కళ్ళే అక్కడ లేనప్పుడు టోక్యో కార్యాలయానికి కనిపించేదేముంటుంది?

దీని ఫలితం నమియే పట్టణ జనం అనుభవించారు. రేడియేషన్ ఎటు పోతుందో చూపే పటాలు సమయానికి వాళ్ళకు చేరలేదు. వాళ్ళు ప్రాణభయంతో వెళ్ళి తలదాచుకున్న సుషిమా ప్రాంతమే రేడియేషన్ మేఘం సాగిన దిక్కులో ఉంది.

ఫుకుషిమాలో ఒక ఫోను బాగానే పనిచేసింది, కానీ అందులో వచ్చిన మాట వినకపోవడమే మంచిదైంది. మార్చి 12 సాయంత్రం ప్లాంటు అధిపతి మసావో యోషిదా మొదటి రియాక్టరులోకి సముద్రపు నీళ్ళు పంపిస్తున్నారు. ప్రధాని కార్యాలయం నుంచి, ప్లాంటును నడిపే కంపెనీ ప్రతినిధి ఫోను చేసి ఆపేయమన్నాడు. పై అనుమతి ఇంకా రాలేదట. యోషిదా పక్కనున్న ఉద్యోగిని దగ్గరికి పిలిచి, ఇప్పుడు నేను ఆపమని గట్టిగా అంటాను, నువ్వు ఆపొద్దు అని చెవిలో చెప్పారు. ఆ తర్వాత టోక్యోవాళ్ళు వీడియో తెరమీద వింటుండగా ఆపమని ఆజ్ఞాపించారు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. అత్యవసర లైను ఉన్నది సమాచారం పైకి పంపడానికి. అదే లైను మీద కిందికి ఆజ్ఞలు దిగడం మొదలైతే ఏమవుతుందో ఈ ఒక్క ముచ్చట చెబుతుంది. నియంత్రణ సంస్థ పని ప్లాంటును నడపడం కాదు. తెలుసుకోవడం, ప్రశ్నించడం, బయటి జనానికి ఏం చేయాలో సలహా చెప్పడం.

దేశాల మధ్య లైన్లు వేయించింది చెర్నోబిల్. 1986 ఏప్రిల్ 26న రియాక్టరు పేలితే, రెండు రోజుల తర్వాత స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ కేంద్రంలో ఉద్యోగుల బూట్ల మీద రేడియేషన్ కనిపించాకే బయటి ప్రపంచానికి అనుమానం వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 26న, సరిహద్దులు దాటగల ప్రమాదం జరిగితే వెంటనే తెలియజేయాలన్న అంతర్జాతీయ ఒప్పందం ఆమోదం పొంది, నెల తిరగ్గానే అమల్లోకి వచ్చింది. భారతదేశం 1988లో చేరింది. అదే ఏడాది చివరి రోజున భారత్, పాకిస్తాన్‌లు ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని ఒప్పందం రాసుకున్నాయి. దాని ప్రకారం 1992 నుంచి ప్రతి జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. మధ్యలో ఎన్ని గొడవలు వచ్చినా ఆ కాగితం మాత్రం ఆగలేదు.

2022లో యుద్ధం ఈ లైన్ల విలువను మళ్ళీ బయటపెట్టింది. మార్చి 4న రష్యా సేనలు యుక్రెయిన్‌లోని జపరోజియా కేంద్రాన్ని పట్టుకున్నాయి. రెండు రోజులకు అక్కడి ఫోన్లు, ఈమెయిల్, ఫ్యాక్స్ పనిచేయడం లేదని యుక్రెయిన్ నియంత్రణ సంస్థ ప్రపంచానికి చెప్పింది. చెర్నోబిల్‌తో మిగిలిన దారి ఈమెయిల్ ఒక్కటే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి రఫేల్ గ్రోసీ అప్పటికే, యుద్ధంలోనూ అణు కేంద్రాలకు తప్పక ఉండాల్సిన ఏడు షరతులు ప్రకటించి ఉన్నారు. చివరిది, నియంత్రణ సంస్థతో నమ్మదగిన సంబంధం.

ఇంత దూరం పోయి పటాన్‌చెరు వైపు తిరిగి చూస్తే ఏం కనిపిస్తుంది?

విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉంది, గేటు దగ్గర కూడా ఉంది. ఒక్కటీ వాడలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. పరికరం లేక కాదు. నొక్కాల్సింది నువ్వేనని ఎవరికి చెప్పారో, నొక్కితే ఏమీ అనమని ఎవరు భరోసా ఇచ్చారో అన్నదే తేలాల్సిన విషయం.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచీ కంపెనీలో పేలుడు జరిగింది. చనిపోయినవాళ్ళు, ఆచూకీ దొరకనివాళ్ళు కలిపి 50 మందికి పైనే. చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి దూర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. ఆ రోజంతా, ఆ తర్వాత కూడా గేటు ముందు బంధువులు అడిగిన ప్రశ్న ఒక్కటే, మావాడు లోపలున్నాడా? షిఫ్టులో ఎందరున్నారన్న అంకే గంటగంటకూ మారింది. అణు కేంద్రాల్లో లోపలికి పోయే ప్రతి మనిషీ లెక్కకు వస్తాడు. సైరన్ మోగితే నిర్ణీత చోట చేరాక తలలు లెక్కబెట్టి ఎవరు తక్కువో తేలుస్తారు. కాంట్రాక్టరు తెచ్చిన కూలీల పేర్లు కాంట్రాక్టరు జేబు పుస్తకంలోనే ఉండే చోట, ఎంత గొప్ప హాట్‌లైను వేసినా దాని మీద చెప్పడానికి సమాచారమే ఉండదు.

రసాయన పరిశ్రమలకు నిబంధనలు లేవని కాదు. భోపాల్ తర్వాత 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ఆవరణ లోపలి ప్రణాళిక యాజమాన్యం రాయాలి, బయటిది జిల్లా యంత్రాంగం రాయాలి. పెద్ద ప్రమాదం జరిగితే యాజమాన్యం 48 గంటల్లోగా సంబంధిత అధికారికి తెలియజేయాలి. అణు కేంద్రానికి నిమిషాల్లో లెక్క, రసాయన కంపెనీకి రోజుల్లో లెక్క. ఫైరింజను, పోలీసు ఈలోపు ఎలాగూ వస్తారన్నది నిజమే. కానీ ట్యాంకులో ఉన్నదేమిటో, దాని మీద నీళ్ళు కొట్టొచ్చో లేదో ఫైరింజను దిగిన మనిషికి తెలియాల్సింది 48 గంటల తర్వాత కాదు.

తెలుగువాళ్ళకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సర్వీసు మొదలైంది. ఒకే నంబరు, ఎప్పుడు చేసినా ఎత్తే మనిషి, ఏమడగాలో నేర్పిన శిక్షణ. త్రీ మైల్ ఐలాండ్ తర్వాత అమెరికా అణు నియంత్రణ సంస్థ కట్టుకున్న గదికీ దీనికీ సూత్రం ఒకటే.

జోగిపేట, సంగారెడ్డి వైపు రేడియేషన్‌తో నిజంగా ఎదురుపడే అవకాశం రియాక్టరు వల్ల రాదు. వెల్డింగ్ అతుకులు పరీక్షించడానికి కంపెనీలు వాడే ఇరిడియం కెమెరాలు, ట్యాంకులో మట్టం కొలిచే రేడియేషన్ గేజ్‌లు లాంటి చిన్న వస్తువులు చేతులు మారితే వస్తుంది. 2010లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ బజారులో అదే జరిగింది. ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత పరికరంలో కోబాల్ట్-60 ఉంది. దాన్ని ముక్కలు చేశారు. ఒకరు చనిపోయారు, పలువురికి గాయాలయ్యాయి. అణు అధికారులకు ఆ కబురు ఏ హాట్‌లైను మీదా రాలేదు. చర్మం నల్లబడి వచ్చిన రోగిని చూసి అనుమానించిన ఆస్పత్రి ద్వారా వచ్చింది. మూడు రెక్కల గుర్తున్న బరువైన డబ్బా ఏదైనా పాత ఇనుము కొట్టులో కనిపిస్తే తాకకుండా దూరం జరిగి, అందరినీ జరిపి, 112కు ఫోను చేయాలి. అక్కడి నుంచి పోలీసులు, కలెక్టరు ద్వారా అది అణుశక్తి శాఖకు చేరుతుంది. దేశంలో ఆ శాఖకు ఇరవైకి పైగా అత్యవసర స్పందన కేంద్రాలున్నాయి.

రసాయన ప్రమాదాల మీద 1996లో వచ్చిన నిబంధనల్లో ఇంకో ఏర్పాటుంది, చాలామంది పేరైనా విని ఉండరు. ప్రతి పారిశ్రామిక ప్రాంతానికి ఒక స్థానిక సంక్షోభ బృందం ఉండాలి. దానిపైన కలెక్టరు అధ్యక్షతన జిల్లా బృందం ఉండాలి. స్థానిక బృందం నెలకోసారి కూర్చోవాలి, ఆర్నెల్లకోసారి ఏదో ఒక కంపెనీలో పూర్తిస్థాయి మాక్ డ్రిల్లు చేయాలి, చుట్టుపక్కల జనానికి ఏం చేయాలో చెప్పాలి. పాశమైలారం బృందంలో ఎవరెవరున్నారు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు, ఆ డ్రిల్లులో ఫోను మోగితే ఎన్నో నిమిషంలో ఎవరు ఎత్తారు అన్నది సంగారెడ్డి కలెక్టరేట్‌లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఎవరైనా అడగొచ్చు. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు.